కరెంటు ఇస్త్రీ పెట్టె వచ్చిన ఏడాది

పోయిన నెల మా మనుమరాలు పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో, పనివాళ్ల ఇళ్లనుంచి పెద్దవాళ్లను పిలిచి లోపలంతా తిప్పి చూపించే రోజు ఒకటి పెట్టారు. తడ దాకా అంత దూరం ఈ వయసులో నీకెందుకని ఇంట్లో అందరూ అడ్డం పడ్డా, ఎనభై దాటిన మోకాళ్లను బతిమాలుకుని నేను బస్సెక్కాను. కుట్టు మిషన్ల హాలులో మర్యాదకు తలాడిస్తూ నడిచాను గానీ, ఆ చివర ఇస్త్రీ గది తలుపు తీయగానే ప్రాణం లేచి వచ్చిందంటే నమ్మండి! పైనుంచి గొట్టాలతో వేలాడే ఆవిరి పెట్టెలు, బట్ట జారకుండా కిందికి పీల్చి పట్టుకునే బల్లలు, చొక్కా తొడిగితే చాలు లోపలినుంచి వేడిగాలి ఊది ముడతలన్నీ ఒక్క ఊపులో తీసేసే మనిషి ఆకారపు బొమ్మ! నాకొకటి ఇవ్వండి నాయనా అని సిగ్గు లేకుండా అడిగి, ఒక చొక్కా మీద నాలుగు సార్లు తోశాను. పక్కనున్న పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఈ ముసలామెకు ఇస్త్రీ అంటే ఇంత సంబరమేమిటని వాళ్లు అనుకుని ఉంటారు.

వాళ్లకేం తెలుసు? నా ఈడు వాళ్లకు ఇస్త్రీ పెట్టె అంటే మూత గొళ్లెం మీద కోడిపుంజు బొమ్మ ఉన్న బొగ్గుల పెట్టె ఒక్కటే గుర్తుకొస్తుందేమో గానీ, తిరుపతిలో మా మేనమామ నడిపిన ఇస్త్రీ కొట్లో ఎన్ని రకాలుండేవో చెబితే మీరే ఆశ్చర్యపోతారు. కొట్టు మామది, చేతిపని మా నాయనది. నారాయణవనం, పుత్తూరు నేతగాళ్ల దగ్గరనుంచి మూటలుగా వచ్చే చీరలకు, పంచెలకు గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడతలు వేసి బట్టల అంగళ్లకు పంపడం మా పని. దానికి తోడు కొండమీద పెళ్లికి వచ్చే వాళ్ల పట్టుబట్టలు కూడా మా కొట్టుకే వచ్చేవి.

ఆ పెట్టెల్లో అన్నిటికంటే పాతది, లోపల డొల్ల లేని ఇనుప దిమ్మ. దాన్ని కుంపటి మీద పెట్టి కాల్చాలి, ఒకటి చల్లారేలోపల రెండోది కాగుతుండాలి, ఖాకీ గుడ్డ లాంటి మొండి బట్ట దానికి తప్ప దేనికీ లొంగేది కాదు. ఆ తర్వాత వచ్చింది బొగ్గుల పెట్టె. అందులో ఇత్తడిది నున్నగా జారుతుంది, ఇనుపది వేడిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది. తెల్లబట్టల మీద బూడిద రాలకుండా ముందువైపు చిన్న పొగగొట్టం పెట్టింది ఇంకొకటి. రవికె చేతులకు, క్రైస్తవుల మిషను బడి పిల్లల గౌన్ల కుచ్చిళ్లకు అరచేతంత బుల్లి పెట్టె ఒకటి ఉండేది, దాన్ని చూస్తే నాకు ఎంత ముద్దొచ్చేదో! కానీ ముట్టనిచ్చేవాళ్లు కాదు. ఆడవాళ్లం గంజి పెట్టాలి, నీళ్లు చిలకరించాలి, చీర రెండో కొస పట్టుకోవాలి, మడత వేయాలి. పెట్టె మాత్రం మగవాళ్లదే.

నాయన పనికి ఒక వరస ఉండేది. పొద్దున్నే టెంకాయ చిప్పల బొగ్గు రాజేసి పెట్టెలో నింపితే అది భగభగమంటుంది కాబట్టి, ముందు గంజి పంచెలు, దుప్పట్లు చేసేవాడు. వేడి కొంచెం తగ్గాక నూలు చీరలు. మధ్యాహ్నం పెట్టెను బల్ల మీద అట్లే వదిలి భోజనానికి పోయి వచ్చేసరికి, నిప్పుల మీద బూడిద కప్పి వేడి మెత్తబడి ఉండేది. పట్టుచీరలకు అదే సరైన వేడి. అందుకే మా కొట్లో పట్టు ఎప్పుడూ భోజనం తర్వాతే. పొద్దున పెట్టెను చెంప దగ్గర పెట్టి వేడి చూసుకునే నాయన, ఆ పూట పరీక్ష కూడా చేసేవాడు కాదు, నలభై ఏళ్లుగా ఒక్కసారైనా తప్పిన వరస కాదది.

అయితే ఆ బొగ్గు పొగ నాయన రొమ్ములోకి దిగిపోయింది. తెల్లదొరల కాలంలో జరిగిన పెద్ద యుద్ధం ముగిసిన మరుసటి ఏడు నాయన నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయేవాడు, దగ్గితే నల్లగా పడేది. చిత్తూరు పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరు రొమ్ము మీద చెవి ఆనించి విని, ఇంకొక్క ఏడాది ఆ బొగ్గుల పక్కన నిలబడితే మనిషి దక్కడని మా ముఖాన్నే చెప్పేశాడు. ఆ పని తప్ప వేరే పని తెలియని మనిషి, పని లేకపోతే పస్తుండే ఇల్లు, ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అప్పుడు మా మామే మద్రాసు పోయి, రైల్లో ఒళ్లో పెట్టుకుని, కరెంటు ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. నెల రోజుల్లో నాయనకు దానిమీద చేయి కుదిరితే సరి, లేకపోతే ఆ పని తెలిసిన మద్రాసు మనిషిని పెట్టుకోక తప్పదని మాత్రం ముందే చెప్పాడు. కటువుగా చెప్పలేదు, కళ్లు కిందికి దించుకుని చెప్పాడు.

అబ్బ, ఆ పెట్టె దిగిన రోజు మా వీధిలో సంబరం చూడాలి! అద్దంలాగా మెరిసిపోయే పెట్టె, నల్లటి చెక్క పిడి, గుడ్డ చుట్టిన పొడుగాటి తీగ. ఇప్పటి గోడ ప్లగ్గులు అప్పుడెక్కడివి, నెత్తిన వేలాడే బల్బు తీసేసి ఆ చోట తీగ కొస తగిలించాలి. పక్క టైలరు, ఎదురింటి టెంకాయల అంగడావిడ, దారిన పోయే వాళ్లు, అందరూ గుమ్మంలోనే ఉన్నారు. నాయన దండం పెట్టుకుని పెట్టె చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఏం చేశాడనుకున్నారు? నిప్పులు రాజుకోవడానికి బొగ్గుల పెట్టెను ఊపినట్టే, అలవాటు కొద్దీ దాన్ని అటూ ఇటూ ఒక్క ఊపు ఊపాడు! తీగ పటుక్కుమని ఊడొచ్చింది, పైన మెరుపు మెరిసింది, వరసగా నాలుగు అంగళ్ల కరెంటు పోయింది.

"బావా, దాంట్లో నిప్పులు యాడుండాయప్పా ఊపేదానికి!" అని మామ నెత్తి కొట్టుకున్నాడు. నాయనతో సహా అందరం కడుపుబ్బ నవ్వాము.

తర్వాత జరిగింది మాత్రం నవ్వే విషయం కాదు. చంద్రగిరి పక్క పల్లెనుంచి ఒక రైతు కుటుంబం కొండమీద పెళ్లికని వచ్చి, పెళ్లికూతురి కంచి పట్టుచీర మాకిచ్చారు. ఆ రోజు నాయన తన వరస ప్రకారమే పొద్దున పంచెలు, ఆ తర్వాత నూలు చీరలు చేసి, పెట్టెను బల్ల చివర రాతిపలక మీద నిలబెట్టి భోజనానికి వచ్చాడు. తీగ పీకాలని ఎవరికీ తట్టలేదు. బొగ్గుల పెట్టె ఒంటరిగా వదిలితే మెత్తబడుతుంది గానీ, కరెంటు పెట్టె ఒంటరిగా వదిలితే ఇంకా ఇంకా కాగుతుందని మాకెవరు చెప్పారు? తిని వచ్చి, నేను చీర కొస పట్టుకుంటే, పరీక్ష కూడా చేయకుండా నాయన పెట్టె ఆనించాడు. చుయ్‌మంది. వెంట్రుకలు కాలిన వాసన. పెట్టె ఎత్తేసరికి ఎర్రటి పట్టు మీద నల్లగా, పెట్టె మొన ఆకారంలోనే మచ్చ.

నాయన పెట్టెను పలక మీద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకున్నాడు. పెళ్లికూతురి అవ్వ వచ్చినప్పుడు ఆమెకు ఆ చోటు చూపించింది నేనే. ఆమె చీరను మోకాళ్ల మీద పరచుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నడుములో దోపుకునే కొసలో కాలిండాది, కట్టుకుంటే కనపడదులే. ఆ పెద్దాయన్ని ఏం అనబాకండి" అని చీర చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మహాతల్లి ఎవరో గానీ ఈ రోజుకీ తలచుకుంటాను. ఆమె క్షమించింది, మామ మాత్రం ఆ సాయంత్రమే మద్రాసు మనిషికి ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున టపాలో వేస్తానన్నాడు.

ఆ మనిషి వస్తే మా నాయన మళ్లీ బొగ్గుల దగ్గరికి, మరో కొట్లోకి పోవాల్సిందే. డాక్టరు చెప్పిన ఏడాది నాకు కళ్లముందే కనిపించింది. తెల్లవారగానే అత్త దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని, పక్క టైలరు పారేసిన పట్టు ముక్కలు ఏరుకుని, పద్దెనిమిదేళ్ల దాన్ని, ఒంటరిగా కొట్టు తెరిచాను. భయం భయంగా తీగ తగిలించి, కాసేపటికోసారి ఒక్కో ముక్క మీద పెట్టె తోసి చూశాను. మొదటి ముక్క ముడత కూడా పోలేదు. మూడోది కొంచెం లొంగింది. ఐదో ముక్క, ఏం చెప్పను, నీళ్ల మీద పడవలాగా పెట్టె జారిపోయింది! ఎనిమిదోది పెట్టెకు పట్టుకుంది, పదోది కమిలింది. మన బొగ్గుల పెట్టె మండుతూ మొదలై దిగుతుంది, ఇది చల్లగా మొదలై ఎక్కుతుంది, అంతే తేడా! పట్టు ముందు చేయాలి, పంచెలు ఆఖరున చేయాలి, మించిపోతే తీగ పీకాలి. నలభై ఏళ్ల వరసను తలకిందులు చేస్తే చాలు.

పరుగున ఇంటికి పోయి నాయనను రెక్క పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన చేతులు చాపనే లేదు.

"నా సెయ్యికి అది అర్థం కాదు పాపా. ఇన్నేండ్లు ఒకే దావన నడిసిన సెయ్యి."

"సెయ్యి నాది పెడతా, సెవి నువ్వు పెట్టు నాయనా" అన్నాను.

అది ఎలా తోచిందో నాకిప్పటికీ తెలియదు. నాయన తడి వేలితో పెట్టె అడుగున ఒక్క చుక్క విదిలించేవాడు, తల వంచి ఆ చప్పుడు వినేవాడు. చుక్క ఊరికే మరిగితే ఇంకా ఆగమని చేయి చూపేవాడు, సన్నగా చుర్రుమంటే చీర మీద పెట్టమనేవాడు, చుక్క ముత్యంలా ఉండకట్టి ఉరికితే తీగ పీకమనేవాడు. నా జన్మలో మొదటిసారి నిండు చీర మీద పెట్టె తోస్తున్నాను, పక్కన నాయన శ్వాస బిగబట్టి వింటున్నాడు. మామ ఉత్తరం జేబులో పెట్టుకుని టపా దారిలో కొట్టు ముందుకు వచ్చేసరికి, తాడు మీద ఏడు పట్టుచీరలు నిగనిగలాడుతున్నాయి. ఒక్కొక్కటే వేళ్లతో తడిమి చూసి, ఎవరు చేశారని అడిగాడు. ఇద్దరమూ చేశామన్నాను. మామ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న ఇస్త్రీ బల్ల కాలి కింద దోపి, బల్ల ఊపి చూసుకుని లోపలికి పోయాడు.

ఆరు నెలలు తిరిగేసరికి నాయన దగ్గు సగానికి తగ్గింది, రెండు సంగటి ముద్దలు తినేవాడు, అలిపిరి దాకా నడిచి వచ్చేవాడు. కొట్టుకు పని రెండింతలైంది. మళ్లీ ఇంకొక పెట్టె వచ్చింది, వేడి గుర్తుల చక్రం ఉన్న పెట్టె వచ్చింది, నాయన చెవికి కూడా పని తగ్గింది. మొన్న ఫ్యాక్టరీలో చూశాను, ఒక్కో పిల్ల గంటకు ఎన్ని చొక్కాలు చేస్తుందో, పక్క పిల్ల వైపు తల తిప్పకుండా! నేర్పు చూసి మురిసిపోయాను, నిజంగానే మురిసిపోయాను.

ఒక్క సంగతి మాత్రం మీతో చెప్పుకోవాలి. బొగ్గుల పెట్టెతో పట్టు చేసే ఆ మధ్యాహ్నపు పూట తొందర ఉండేది కాదు. మెత్తటి వేడి, మెల్లటి పని, చీరకు ఆ కొసన నేను, ఈ కొసన నాయన. ఆయన నోరు విప్పి మాట్లాడేది ఆ ఒక్క పూటే. కరెంటు పెట్టె దిగడానికి ముందు రోజు, తను కుర్రతనంలో వాళ్ల అన్నతో కలిసి కోలారు బంగారు గనులకు నడిచిపోయిన సంగతి మొదలుపెట్టి, పోయేటప్పుడు ఇద్దరం, వచ్చేటప్పుడు ఒక్కణ్ణే అని ఆగాడు. మిగతాది రేపు చెబుతాలే అన్నాడు. పట్టు పని పొద్దుటికి మారింది, ఆ పూట చుక్క చప్పుడు వినాలి కాబట్టి ఎవరూ మాట్లాడకూడదు, మధ్యాహ్నాలు పంచెల మూటలతో ఊపిరాడేది కాదు. నాయన ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు సుఖంగా ఊపిరి పీల్చుకుని బతికాడు. మా పెదనాయన కోలారులో ఏమయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు.