గడప దగ్గర బూట్లు

వానాకాలం రాగానే తెనాలిలో మా ఇంటి ముందు సిమెంటు వాకిలంతా పాచి పడుతుంది. బ్లీచింగ్ చల్లి, కొబ్బరి చీపురుతో రుద్ది రుద్ది నా నడుము పడిపోయింది. రోజూ రైల్లో రేపల్లె వెళ్లి, పిల్లలకు లెక్కలు చెప్పి వచ్చే నాకు ఆ వాకిలి ఇంకో ఉద్యోగం. వదిలేద్దామా అంటే, పోయినేడాది అత్తగారు ఆ పాచి మీదే జారి తుంటి విరగ్గొట్టుకున్నారు.

అందుకని ఒక ఆదివారం మావారు, వేమూరులో ట్రాక్టర్లు కడిగే స్నేహితుడి దగ్గర, నీళ్లను గట్టి ధారగా చిమ్మే ప్రెషర్ వాషర్ మిషను అడిగి తెచ్చారు. అతను జాగ్రత్తలన్నీ చెప్పి మరీ ఇచ్చాడట. గమ్‌బూట్లు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు, ప్లగ్గు తడవనివ్వొద్దు, నీళ్లు వెడల్పుగా చిమ్మే మూతే వాడాలి, సన్నధార మూత జోలికి పోవద్దు. మావారు బుద్ధిగా కొత్త బూట్లు కూడా కొనుక్కొచ్చారు. గేటు దగ్గర నుంచి కడుగుతూ వస్తుంటే నల్లటి నేల తెల్లగా తేలింది. ఇన్నేళ్లూ ఆ చీపురుతో ఎందుకు చచ్చానా అని నాకు ఒళ్లు మండింది.

ఆయన మెట్ల దాకా వచ్చేసరికి, లోపల కుర్చీలో కూర్చుని చూస్తున్న అత్తగారు ఆపారు.

"బూట్లతో గడప దగ్గరికి రాకు నాన్నా. పొద్దున్నే పసుపు రాశాను."

కాళ్లకు ఏదో ఒకటి తొడుక్కుని గడప కడగడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. నేనూ ఎరగను. అందుకే ఆ మాట నాకు తప్పుగా వినిపించలేదు. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టారు. మెట్టు మూలనున్న పాత పెయింటు ముగ్గు ఎంతకీ వదలకపోతే, సన్నధార మూత బిగించారు. తడి మెట్టు మీద కాలు జారింది. చేతిలో నీళ్లు చిమ్మే గన్ను పక్కకు తిరిగి, ధార పాదం మీదుగా పోయింది.

బొటనవేలి పక్కన చిన్న చిల్లు. రక్తం కూడా సరిగా రాలేదు. అత్తగారు పసుపు అద్దారు. ఈ మాత్రం దానికేంటంటూ ఆయన మళ్లీ గన్ను అందుకోబోయారు. ఆ వేలు పాలిపోయినట్టు కనిపించి, నేను మిషను ఆపేసి వేమూరు స్నేహితుడికి ఫోన్ చేశాను. అతని గొంతు మారిపోయింది.

"అక్కా, పైకేమీ కనపడదండి. నీళ్లు లోపలికి దూరుంటాయి. ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. గీసుకుందని చెప్పొద్దు, ప్రెషర్ వాషర్ తగిలిందని చెప్పండి."

ఆస్పత్రిలో పాదం కోసి లోపలంతా కడిగారు. వేలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఇక బడి, ఆస్పత్రి, ఇల్లు. రైల్లో నిలబడే నిద్రపోయేదాన్ని. అత్తగారి మీద నాకు చెప్పలేనంత కోపం. పోట్లాడటానికి ఓపిక లేదు. ఆవిడా నాతో మాట్లాడలేదు. గడపకు పసుపు రాయడం మాత్రం మానేశారు. నేను గమనించాను.

వేలు నిలిచింది. ఆయన కుంటుకుంటూ ఇంటికొచ్చారు. సగంలో ఆగిన మెట్ల మీద పాచి మళ్లీ మొదలైంది. మిషను తిరిగిచ్చేలోపు అవి కడగాలి. నేను కాక ఇంకెవరున్నారు?

సెలవు రోజు పొద్దున వెడల్పు మూత బిగించి బూట్ల కోసం చూస్తే, బయట లేవు. గడపకు లోపలి పక్కన ఉన్నాయి. శుభ్రంగా కడిగి, పసుపు రాసి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి ఉన్నాయి. వాకర్ పట్టుకుని అత్తగారు పక్కనే నిలబడ్డారు.

"ఇప్పుడవి గడప దగ్గరికి రావచ్చమ్మాయ్. వేసుకుని కడుగు."

అన్నాళ్లుగా దాచుకున్న కోపం ఏమైపోయిందో తెలియదు. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. తర్వాత ఆ బూట్లు తొడుక్కున్నాను. నాకు బాగా పెద్దవి. మొదటి ధారకే పసుపూ కుంకుమా కారి మెట్ల మీద పారాయి. ఆవిడ అటు చూడలేదు. కడగడం అయ్యేదాకా నా పాదాలనే చూస్తూ నిలబడ్డారు.