రంగనాథం మబ్బుల డబ్బా

రాజాంలో రంగనాథం ఫోటో స్టూడియో మేడ మీదికి రోజూ పొద్దుపొడుపు వేళకి ఒక చెంబు నీళ్లూ, ఒక కెమెరా కలిసి ఎక్కేవి. చెంబు సూర్యనారాయణమూర్తికి, కెమెరా మబ్బులకి.

తూర్పుకి తిరిగి అర్ఘ్యం విడిచాక రంగనాథం ఉత్తరానికి తిరిగేవాడు. తూర్పున ఎండ కెమెరా కంట్లో పడుతుంది, దక్షిణాన రైసుమిల్లు గొట్టం, పడమట షావుకార్ల మేడ. మిగిలింది ఉత్తరమే. అక్కడ అందమైన మబ్బు కనబడితే, ముందురోజు పెళ్లి ఫోటోలు తీయగా మిగిలిన ఫిలిం మీద ఒక్కటంటే ఒక్కటి తీసేవాడు. పంతొమ్మిదేళ్ల మబ్బులు ఒక బిస్కట్ల డబ్బాలో పేర్చి ఉండేవి.

"మామిడికాయలు ఊరేసినట్టు మబ్బులు ఊరేస్తన్నారు మా ఆయన" అని భార్య భాగ్యవతి నవ్వేది.

ఆ ఊరగాయకీ పని ఉంది. ఆ రోజుల్లో ఫోటోలో మనిషి పడితే ఆకాశం పడేది కాదు, సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చేది. ఆ తెలుపులో రంగనాథం తన డబ్బాలోంచి ఒక మబ్బును తెచ్చి అచ్చు వేసేవాడు. అయితే ఆయనకొక నియమం. లేని నగ మెడలో పెట్టడు, లేని కారు పక్కన నిలపడు. "ఆకాశమంటావా, అది ఆవేళా ఉన్నదే. కెమెరాకి కనపళ్లేదు, అంతే" అనేవాడు.

అరవై ఎనిమిదిలో మాఘమాసం. ఓ సోమవారం నాడు సుభద్రమ్మ అనే రైతు ఇల్లాలు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి పోయాక తన చేతుల మీద పెంచిన తమ్ముడు అప్పలసూరి, విమాన దళంలో మెకానిక్కు. పై అధికారి అనుమతితో స్నేహితుడెవరో తీసిన ఫోటో తెచ్చాడు. రెండు పంకాల పాత సరుకుల విమానం, దాని చక్రం పక్కన అప్పలసూరి. అంతా బూడిదరంగే. విమానం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

"మా ఊళ్లో సోములని ఒకడున్నాడు బాబూ" అంది సుభద్రమ్మ. "ఈ బొమ్మ సూసి, 'ఇదేటి సుభద్రమ్మా, ఏరోప్లేనా, ఎండబెట్టిన సందువా సేపా?' అన్నాడు. మావోడు లారీలకి నీళ్లోసే పనిలో ఉన్నాడని ఊరంతా సెప్తన్నాడు. నాను పుస్తెలు తప్ప అన్నీ అమ్మి వీణ్ణి సదివించినాను. ఆదివారం వీడు రైలెక్కీసేలోగా మా వసారాలో ఈ బొమ్మ యేలాడాల. సూసినోడు నోరు మూసుకోవాల."

"పోనీలేయే అప్పా" అన్నాడు అప్పలసూరి సిగ్గుపడుతూ.

"నువ్వూరుకోరా. మాటలు పడ్డది నాను."

రంగనాథం ఆ రాత్రి డబ్బాలోని మబ్బులన్నీ దీపానికి ఎత్తి చూశాడు. ఏనుగుల మందలాంటి మబ్బొకటి ఏరాడు. పాత ఫోటోని పెద్ద ఫిలిం మీదికి ఎక్కించి, విమానం ఆకారానికి అట్టముక్క కత్తిరించి, ఆ అట్ట విమానాన్ని కాస్తుండగా వెనకాల మబ్బుని అచ్చు వేశాడు. కాగితం అంచులకి కాస్త ఎక్కువ వెలుతురు పోసి నలుపు తేల్చాడు. మర్నాడు చూస్తే, ఆ పాత విమానం గాలివాన ముందు నిలబడ్డ గరుత్మంతుడిలా ఉంది! చూడవచ్చిన సుభద్రమ్మ రెండు చేతులూ జోడించింది.

పక్క కళ్లంలో షావుకారి వడ్లు ఎండబెట్టే చిన్నతల్లి మంచినీళ్లకి వచ్చి, మెడ చాచి చూసింది.

"బాగున్నాది గానీ రంగబాబూ, నీ బొమ్మలో పొద్దులు రెండేటి?"

"రెండేటే?"

"ఏరోప్లేను నీడ కుడేపు పడింది. అంటే పొద్దు ఎడమేపున ఉన్నట్టు. మబ్బేమో కుడేపు అంచున మెరుస్తన్నాది. నాను దినమల్లా నీడ సూసి వడ్లు జరుపుకునేదాన్ని, నాకు తెల్దా?"

రంగనాథం ముఖం చిన్నబోయింది. పంతొమ్మిదేళ్లుగా ఉదయమే, ఉత్తరానికే తిరిగి తీశాడు. డబ్బాలో ఏ మబ్బుకైనా వెలుగు కుడివైపే. సోములు కూడా రైతే. నీడ చూడడం అతనికీ వచ్చు. "బొమ్మ కూడా దొంగబొమ్మే" అంటాడు.

"ఫిలిం తిరగేసి అచ్చెయ్యరాదా?" అంది భాగ్యవతి.

నిజమే, నిమిషం పని. కానీ రంగనాథానికి మనసొప్పలేదు. "అర్ఘ్యం ఇచ్చిన చేత్తోనే సూర్యభగవానుణ్ణి పడమట పొడిపించమంటావా? సాయంకాలం మబ్బు తీస్తాను. అప్పుడు వెలుగు ఎడమేపే ఉంటాది."

బుధవారం సాయంత్రం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గురువారమూ అంతే. శుక్రవారం పొద్దున చెంబు ఎత్తి, మబ్బు కోసం మొక్కబోయి ఆగిపోయాడు. కింద కళ్లంలో చిన్నతల్లి వడ్లు పరుస్తోంది. మబ్బు వస్తే వాన రాదని ఎవరు చెప్పగలరు? ఆ గింజలు తడిస్తే షావుకారు ఆమెనే అంటాడు. చెంబు చేతిలో ఉండగానే చాలాసేపు ఆలోచించి, "స్వామీ, మబ్బొకటి పంపు. చినుకు మాత్రం నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు.

శనివారం నాలుగు గంటలకి ఫోటో సంగతి కనుక్కోవడానికి అక్కాతమ్ముళ్లు వచ్చారు. వాళ్లు గుమ్మంలో ఉండగానే కళ్లంలోంచి కేక వినబడింది.

"రంగబాబూ! నీ మబ్బొచ్చింది, ఎక్కు మేడ!"

కొండల మీదనుంచి మబ్బు లేచింది, ఎడమ అంచున బంగారం కరుగుతూ. రంగనాథం రెండేసి మెట్లు ఎక్కి, ఒక్కటి తీశాడు. కిందికి చూస్తే చిన్నతల్లి ఒక్కతే పారతో వడ్లు కుప్ప చేస్తోంది. ముందు తన గింజల్ని చూసుకోకుండా, తనని కేకేసిన మనిషి! గబగబా దిగి తట్ట అందుకున్నాడు. సుభద్రమ్మ చీర కుచ్చెళ్లు దోపింది. అప్పలసూరి చీపురు పట్టాడు. భాగ్యవతి గోనెలు తెచ్చింది.

"ఇమానాలు తుడిసే సెయ్యి ఊడవడం కూడా నేర్సిందే!" అని చిన్నతల్లి అంటే అందరూ నవ్వారు.

గోనెలు కప్పేసరికి మబ్బు పాలకొండ వైపు తేలిపోయింది. ఒక్క చినుకు పడితే ఒట్టు.

చీకటి పడేలోగా కొత్త బొమ్మ తయారైంది. అందరికంటే ముందు చిన్నతల్లి చూసింది.

"ఇప్పుడు ఒకటే పొద్దు" అంది.

ఆదివారం ఉదయం రైలుకి వెళుతూ అప్పలసూరి స్టూడియో దగ్గర ఆగాడు. బొమ్మ రాత్రే వసారాకి ఎక్కిందట. సోములు లాంతరు తెచ్చుకుని మరీ చూసి, నీడ వెతికి, మబ్బు వెతికి, చివరికి, "ఒరే సూరీ, దీని పంకా ఒకటి ఎంత బరువుంటాదిరా?" అని అడిగాడట. అప్పటినుంచీ సుభద్రమ్మ వచ్చిన ప్రతివాడికీ బెల్లం ముక్క పెడుతోందట.

"మీ రుణం ఎలగ తీర్సుకోవాల బాబూ?"

"రుణమేటి గానీ, నీకా ఇమానం ఎక్కే వీలుంటాదా?"

"బాగుసేసాక ఎగిరించి సూస్తారు. అప్పుడు నన్నూ ఎక్కించుకుంటారు."

రంగనాథం ఖాళీ చెంబుని చేతుల్లో ఇటూ అటూ తిప్పాడు.

"అయితే ఒక్క సాయం సెయ్యి నాయనా. పంతొమ్మిదేళ్లబట్టీ నాను మబ్బుల్ని కిందనుంచే సూస్తన్నాను. ఈసారి ఎగిరినప్పుడు కిటికీలోంచి సూసి, వాటి వీపు ఎలగుంటాదో ఓ కార్డు ముక్క రాయి. పొద్దు ఏ పక్కనున్నాదో అదీ రాయి. చిన్నతల్లి అడుగుతాది."