చింతచెట్టు మీది తేనెతుట్టె

రోజంతా ఇటుకలు మోసి, నల్లంపల్లి బస్సులో కూలబడి ఫోను తెరిచాను. ఆఫ్రికాలో ఏనుగులు చేలో పడకుండా కంచెకు తేనెటీగల పెట్టెలు వేలాడదీస్తారట. అంత పెద్ద జంతువుకు ఈగలంటే భయమట.

మన పిక్కిలి ఊరివాళ్లారా, ఏనుగులను బెదరగొట్టడానికి మన రాగిచేల కంచెలకు కట్టిన ఖాళీ డబ్బాల చప్పుడు గుర్తుందా? మా గట్టు మీద చింతచెట్టుకు పెద్ద తేనెతుట్టె ఉండేది. ఒకరోజు ఈగ నా చెవి మీద కుట్టింది.

"ఏడ్వద్దు పాపా, పొగబెట్టి తరిమేస్తా" అన్నాడు తాత. తరిమేశాడు.

ఆ ఏడు కోతకు ముందే ఏనుగులు పడి చేనంతా తొక్కేశాయి.

"ఇన్నేండ్లు మన చేలోకి రానివి ఇప్పుడెట్ల వచ్చినాయి?" పోయేదాకా తాత అదే అడిగేవాడు.

జవాబు ఇవాళ దొరికింది. తాత బతికున్నా చెప్పగలిగేదాన్ని కాదు.