మౌనం మీద నా ఒకే ఒక్క పాఠం

నోరు జారి చెడిపోయిన వాళ్లను మీరు చాలామందిని చూసి ఉంటారు. నోరు మూసుకుని చెడిపోయిన మనిషిని చూడాలని ఉంటే ఇటు తిరగండి. తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక్క మాటైనా మాట్లాడకుండా నేను మా హెడ్మాస్టర్ గారి ఉద్యోగానికి ఎసరు పెట్టాను, ఒక పెద్ద అధికారిని బల్ల ఎక్కించాను, నా ప్రాణ స్నేహితురాలిని వెక్కి వెక్కి ఏడిపించాను. ఇదంతా పాఠం పేరు మీద, పైగా దేవుడి పేరు మీద. ఇప్పటికీ ఎవరైనా "కాసేపు నిశ్శబ్దంగా కూర్చుందాం" అంటే నాకు అరచేతులు చెమట పడతాయి.

మాది ఎడపల్లి పక్కన ఒక పల్లె. ఊరి చివర బడి, బడి చివర మా తరగతి గది, గది కిటికీ అవతల చెరుకు తోట. గాలి వీస్తే ఆకులు గరగరలాడేవి. వెనక బెంచీ వాళ్లకు అది జోలపాట.

ఆ ఏడు సోషల్ చెప్పడానికి శారద టీచర్ కొత్తగా వచ్చారు. వారానికోసారి ఉండే నీతి పాఠం పీరియడులో అన్ని మతాల గురించి తెలుసుకుందామన్నారు. అంతవరకు బాగానే ఉంది.

"కానీ నేను చెప్పను. మీరే నలుగురినీ అడిగి తెలుసుకొని రండి, మీరే పాఠం చెప్పండి. నేను వెనక బెంచీలో కూర్చొని వింటాను" అన్నారు.

గంగాధర్ అనుమానంగా లేచాడు. మా తరగతిలో ఏది వచ్చినా ముందు అనుమానపడేది అతనే. "టీచర్, మేమే చెప్పి మేమే వింటే, రేపు పరీక్షల తప్పైతే ఎవర్ని తిట్టాలె?"

"నిన్ను నువ్వే తిట్టుకో" అన్నారు టీచర్.

మొదట్లో పాఠాలు చక్కగా సాగాయి. నా బెంచీలోనే కూర్చునే నా ప్రాణ స్నేహితురాలు నస్రీన్, రంజాన్ నెలలో ఉండే రోజా ఉపవాసం గురించి చెప్పింది. నస్రీన్ గొంతు ఎంత చిన్నదంటే, హాజరు పిలిచినప్పుడు ఆమె పెదాలు చూసి టీచర్లు టిక్కు పెట్టుకునేవారు. ఆ రోజు మేమంతా ముందుకు వంగి, చెవుల దగ్గర చేతులు పెట్టుకుని మరీ విన్నాం. అయిపోయాక టీచర్ చప్పట్లు కొట్టారు. నాకు కడుపు మండింది. గుసగుసకే ఇన్ని చప్పట్లైతే, నా గొంతుకు ఊరు ఊరంతా కొట్టాలి కదా!

నా వంతు వచ్చింది. "ప్రమీలా, నువ్వు మౌనం గురించి చెప్పు. అది అన్ని మతాల్లోనూ ఉంది" అన్నారు టీచర్.

బెంచీలు ఊగేలా నవ్వారు అందరూ. కారణం మీరూ తెలుసుకోవాలి. మా అవ్వ నా గురించి ఊరందరికీ చెప్పేది: "దీని నోరు చెరుకు లారీ లెక్క. లోడు ఎక్కువ, బ్రేకు లేదు."

నాకు పట్టుదల వచ్చింది. ఒక్కపొద్దు ఉన్న రోజు పూజ అయ్యేదాకా అవ్వ ఎందుకు మాట్లాడదో అడిగాను. రంజాన్ చివరి రోజుల్లో మసీదులోనే ఉండిపోయి, దువా చేసుకుంటూ మాటలు తగ్గించుకోవడం గురించి నస్రీన్ వాళ్ల నాన్న చెప్పారు. బోధన్ బట్టల కొట్టులో ఒక మార్వాడీ పెద్దమ్మ, నెలకో పూట తాను పట్టే మౌనం గురించి గంటసేపు మాట్లాడింది. చర్చిలో మోకాళ్ల మీద మౌనంగా చేసే ప్రార్థన గురించి మా క్లాసు రూతమ్మ చెప్పింది. బంగారం లాంటి పాఠం చేతికొచ్చింది. అది చెప్పి కూర్చుంటే సరిపోయేది. కానీ దొంగ చేతికి తాళంచెవి ఇస్తే ఊరుకుంటాడా, ఇంకో తలుపు కూడా తెరుస్తాడు.

"మౌనం గురించి చెప్తే ఏం తెలుస్తది? పట్టాలె!" అని ప్రకటించాను. "గంట కొట్టేదాంక ఎవ్వరూ మాట్లాడొద్దు. రాసుడు గూడ మాటే, చీటీలు బంద్. ఎవల దేవుని మీద వాళ్లు ఒట్టు పెట్టుండ్రి."

వెనక నుంచి శారద టీచర్ నవ్వుతూ తలూపారు. "ఈ పీరియడు నీదే. నేను చార్టు తెస్తాను" అని స్టాఫ్ రూముకు వెళ్లారు. ఆమె గడప దాటగానే గంగాధర్ లేచాడు.

"మాట్లాడితే ఏమైతది?"

ఏమవుతుంది? ఏమీ కాదు. ఆ సంగతి ఎవరూ నాకు చెప్పలేదు, నేను అడగనూ లేదు. కానీ నాయకురాలిని కదా, ఖాళీ చేతులతో ఎలా ఉంటాను?

"నాలుక మీద పుండు లేస్తది" అన్నాను. "మా మేనత్తకు లేచింది. పదిరోజులు గంజి నీళ్లే తాగింది."

మేనత్తకు పుండు లేచిన మాట నిజమే. వేడివేడి మిర్చిబజ్జీ నూనె కారుతుండగానే నోట్లో వేసుకుంది. మిగతాది నా కవిత్వం.

తరగతి గడగడలాడింది. అందరూ ఒట్టు పెట్టారు. నస్రీన్ కళ్లు మూసుకుని మరీ పెట్టింది. బోర్డు కూడా మౌనంగా ఉండాలని, దాని మీద నేను రాసుకున్న పాఠమంతా తుడిచేశాను. ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. గది నిండా నిశ్శబ్దం. అవతల చెరుకు నరుకుతున్న కత్తుల చప్పుడు మాత్రం టక్ టక్ మని వినిపిస్తోంది.

సరిగ్గా అప్పుడే గేటులోకి జీపు వచ్చింది. వచ్చే వారం రావాల్సిన తనిఖీ అధికారి చెప్పాపెట్టకుండా ఆ రోజే దిగారు. పప్పులో నీళ్లెన్ని, నీళ్లలో పప్పెంత చూసి రమ్మని హెడ్మాస్టర్ గారు శారద టీచర్‌ను వంట దగ్గరికి పరుగెత్తించారు. అధికారిని మాత్రం నేరుగా మా గదికి తీసుకొచ్చారు. మంచి క్లాసు అని.

మేం లేచి నిలబడ్డాం. నోళ్లు లేవలేదు.

"విష్ చెయ్యుండ్రి!" అన్నారు హెడ్మాస్టర్.

చేతులు జోడించాం. అధికారి ముచ్చటపడి, నావైపు తిరిగి, "నీ పేరేంటమ్మా?" అన్నారు.

చెప్పొచ్చు. పుండు గిండు ఏమీ ఉండదని తరగతి మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కానీ ముందు నేనే నోరు తెరిస్తే పదో తరగతి దాకా నన్ను బతకనిస్తారా? పైగా దేవుడి మీద ఒట్టు. అదీగాక, నాలుక మీద ఏదో చురుక్కుమన్నట్టు అనిపించింది. ఎవరు అల్లిన అబద్ధం ముందు వాళ్లనే కరుస్తుంది. మౌనంలో ఉన్నామని తెలియజేయడానికి పెదాల మీద వేలు పెట్టి చూపించాను.

అధికారి ముఖం మారింది. "నన్ను నోరు మూసుకోమంటున్నావా?"

"సార్, సార్! గా పోరి అట్లాంటిది కాదు సార్," హెడ్మాస్టర్ గారి నుదుటి మీద చెమట బొట్లు బయల్దేరాయి. "మస్తు మాట్లాడతది సార్. ఆపుడే కష్టం. ప్రమీలా, చెప్పు బిడ్డా, పేరు చెప్పు!"

పేరు ఆయనే చెప్పేశారు కాబట్టి నేను తలూపాను.

అధికారి గంగాధర్‌ను లేపారు. "బాబూ, మన రాష్ట్ర రాజధాని ఏది?"

గంగాధర్ రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కళ్లు మాత్రం హైదరాబాద్ అంత పెద్దవి చేశాడు.

"చెప్పురా గంగాధర్, నీకు దండం పెడ్త!" హెడ్మాస్టర్ గారు నిజంగానే చేతులు జోడించారు.

మౌనంగా ఉంటే కలహం ఉండదని పెద్దలు అన్నారు. ఆ పెద్దలెవరూ తనిఖీ రోజున మా బడికి రాలేదు.

అధికారి హెడ్మాస్టర్ చెవి దగ్గరికి వంగారు. కానీ గదిలో అంత నిశ్శబ్దం ఉంటే గుసగుస కూడా మైకులో మాటే. "వీళ్లు మూగ పిల్లలా? రికార్డుల్లో ఎక్కడా రాయలేదే!"

"లేదు సార్, ఇంటర్వెల్ దాంక మంచిగనే ఉండిరి సార్!"

"అంటే కొట్టి, భయపెట్టి నోళ్లు మూయించారన్నమాట." అధికారి జేబులోంచి పెన్ను తీశారు. దాని మూత తీశారు. మా హెడ్మాస్టర్ గారు ఎన్నడూ ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా లారీకి బ్రేకు పడింది, అదీ రైలు పట్టాల మీద.

అధికారి మెత్తగా అన్నారు: "పిల్లలూ, ఎవరికీ భయపడొద్దు. మాట్లాడకపోయినా పర్లేదు. మిమ్మల్ని భయపెట్టింది ఎవరో వేలితో చూపించండి."

తరగతి మొత్తం ఒక్కసారిగా చేతులు చాచింది, హెడ్మాస్టర్ గారి వైపు!

"నేను కాదు సార్! నా పిల్లల మీద ఒట్టు, నేను కాదు!" ఆయన దాదాపు ఏడ్చేశారు.

నిజంగానే ఆయన కాదు. ఆయన మడమల వెనక, గోడవారగా, పొడవాటి పాము ఒకటి పాకుతోంది. తోట నరుకుతుంటే తప్పించుకుని కిటికీ కింది కన్నంలోంచి లోపలికి వచ్చింది. మేమంతా ఆ పామునే చూపిస్తున్నాం. వేళ్లు ఊపుతున్నాం, బెంచీల మీదికి ఎక్కుతున్నాం, చేతుల్ని పడగలుగా పెట్టి ఆడిస్తున్నాం.

"చూశారా, మీరంటే ఎంత భయపడుతున్నారో! పడగ విప్పిన పాము అంటున్నారు మిమ్మల్ని!" అని అధికారి రాయడం మొదలుపెట్టారు.

హెడ్మాస్టర్ గారు ఒక్క అడుగు వెనక్కి వేస్తే తోక మీద కాలు పడుతుంది. ఆయన కాలు లేచింది. నా నోరు తెరుచుకునే ఉంది, మాట మాత్రం లేదు. అంత భయం నేను మళ్లీ ఎన్నడూ పడలేదు.

"సాంప్!"

గది దద్దరిల్లింది. అరిచింది నస్రీన్. హాజరు కూడా పలకని నస్రీన్.

"స్టాంపా? ఎందుకమ్మా స్టాంపు?" అన్నారు అధికారి, తల ఎత్తకుండానే.

"సాంప్ సార్! పాము! వెనక పాము!"

ఆ తర్వాత ఎవరు ఎప్పుడు ఎక్కారో తెలియదు. చూసేసరికి హెడ్మాస్టర్ గారు, అధికారి ఒకే బల్ల మీద ఒకరినొకరు గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నారు. అది జెర్రిపోతు, విషం లేనిది. మా అందరికన్నా దానికే ఎక్కువ భయమేసి ఉండాలి, గుమ్మంలోంచి జారుకుని చెట్ల వైపు మాయమైంది. పప్పు గరిటెతో లోపలికొచ్చిన శారద టీచర్ బల్ల మీదికి చూసి, "మంచి టైముకు వచ్చానా సార్?" అన్నారు.

ఆమె సంగతి వివరిస్తుండగానే నస్రీన్ నా దగ్గరికి వచ్చింది. చెంపల మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. నాలుక బయట పెట్టి, "సూడవే ప్రమీలా, లేచిందా? ఎంత పెద్దగ లేచింది?" అంది.

సిగ్గుతో నేలలో కుంగిపోయాను. పుండు లేస్తుందని నమ్మి కూడా అరిచింది ఆ పిల్ల. అబద్ధమని తెలిసి కూడా నోరు విప్పలేకపోయింది నేను.

"ఏం లేవలేదే. లేవదు గూడ. నేనే అబద్ధం చెప్పిన," అన్నాను. అలా నా గొంతు తిరిగొచ్చింది.

నస్రీన్ కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆమె చేతిలో కూడా అంత చప్పుడు ఉందని ఆ రోజే తెలిసింది.

అధికారి బల్ల దిగి, బట్టలు దులుపుకుని, పెన్ను మూత పెట్టారు. "పోనీలే. ఇంతకీ మీ పాఠమేంటో ఇప్పుడు చెప్పండి" అన్నారు.

అనకుండా ఉండాల్సింది. అప్పటిదాకా బిగబట్టిన తరగతి కట్ట తెగిన కాలువలా పారింది. పాము పొడవు గురించి ఒకడు, రాజధాని తనకు తెలుసని గంగాధర్, తన మతంలో మౌనం గురించి రూతమ్మ. అందరి మీదినుంచి నేను. అవ్వ ఒక్కపొద్దు నుంచి మార్వాడీ పెద్దమ్మ దాకా ఏదీ వదలకుండా, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. గంట కొట్టినా ఆగలేదు. జీపు డ్రైవర్ రెండుసార్లు తొంగి చూసి వెళ్లాడు.

చివరికి అధికారి నుదురు పట్టుకుని హెడ్మాస్టర్ వైపు తిరిగారు.

"ఏమండీ, ఆ వ్రతం మళ్లీ ఒకసారి పట్టించే వీలుంటుందా?"

అందుకే, పాఠకులారా, సకల దేవుళ్ల సాక్షిగా, ఎడమ చెయ్యి గుండె మీద, కుడి చెయ్యి నెత్తి మీద పెట్టుకుని చెబుతున్నాను: ఈ జన్మలో మళ్లీ మౌనం పట్టను, ఇంకొకరితో పట్టించను. ఈ ఒట్టును నేటి వరకు ఒక్క క్షణం కూడా తప్పలేదు. నమ్మకం లేకపోతే మా ఇంట్లో వాళ్లను అడగండి. నేను మాట్లాడటం ఆపినప్పుడు చెప్తారు.