కొండమీద తీసిన డిస్కులో ఆయన గొంతు

“గొడుగు యాడ పెట్టినావే?” అని మా ఆయన అడిగినాడు.

“తలుపెనకాలే ఉంది, కండ్లు తెరిచి చూడండి,” అన్నాను.

మా ఇద్దరి మధ్యా ఆఖరి మాటలు అవే. గొడుగు తీసుకుని తిరువళ్ళూరు పోయిన మనిషి అక్కడి బస్టాండులోనే గుండె పట్టుకుని కూలిపోయాడు.

దయ్యాలూ భూతాలూ అంటే నేను నవ్వే మనిషిని. మా వీధిలో ఎవరికైనా పట్టిందంటే, ముందు ఇంత గంజి తాగించండి అని చెప్పేదాన్ని. ఇప్పుడు కూడా ఇది దయ్యం అని నేను అనడం లేదు. జరిగింది చెప్తున్నాను, అంతే. నాకు సంతకం తప్ప రాయడం రాదు. మా తమ్ముడు రాస్తున్నాడు. ఇది జరిగిన రోజు వాడూ పక్కనే ఉన్నాడు, నేను తప్పు చెప్తే వాడే ఆపుతాడు.

ఆయన పోయాక ముఖం మరిచిపోలేదు, ఫోటోలు ఉన్నాయి. గొంతే జారిపోతూ వచ్చింది. పొద్దున లేచి ఆయన నన్ను ఎలా పిలిచేవాడో గుర్తు తెచ్చుకోబోతే మా మామగారి గొంతు వచ్చేది. మనిషి పోయినదానికంటే అది నాకు కష్టంగా ఉండేది. ఫోనులో మాట్లాడింది ఏదీ దాచుకోలేదు. మిగిలింది ఒకే ఒక డిస్కు.

మా పాపకు తిరుత్తణి కొండమీద చెవులు కుట్టించిన రోజు వీడియో అది. అప్పట్లో తమ్ముడికి పెళ్ళిళ్ళ వీడియోలు తీసే పని. కానీ చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళోనే కూర్చోవాలి కదా. అందుకని వాడు పాపను ఒళ్ళో పెట్టుకుని కెమెరా మా ఆయన చేతికి ఇచ్చాడు. ఆయనకు అది పట్టుకోవడం రాదు. సగం వీడియో నేల, జనం కాళ్ళు. పైగా తీసినంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు.

“బావా, నోరు మూసుకుని తియ్యి, అంతా నీ మాటలే పడతాండాయి,” అని తమ్ముడు అరిచాడు.

“పడితే పడనీరా. లేకుంటే మూగోడు తీసినాడని అనుకుంటారు,” అన్నాడు ఆయన. అందరూ నవ్వారు.

అందుకే ఆ వీడియోలో ఆయన మనిషి ఎక్కడా కనపడడు. గొంతు మాత్రం మన పక్కనే నిలబడి మాట్లాడినట్టు ఉంటుంది. సూది పెట్టే ముందు “చిట్టీ, నాయన్ని చూడు, ఇట్ల చూడు” అని పిలుస్తాడు. పాప తలెత్తి నవ్వుతుంది.

కెమెరాలోని ఆ క్యాసెట్టును తమ్ముడు తర్వాత ఇంట్లోనే డిస్కుగా మార్చాడు. క్యాసెట్టు బూజు పట్టి పోయింది. ఈ మధ్య డిస్కు కూడా ఆగి ఆగి ఆడుతోంది, బొమ్మ గళ్ళు గళ్ళుగా విరుగుతోంది. మాట వెనకబడింది. పాప నవ్విన తర్వాత ఆయన పిలుపు వస్తోంది.

ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి కూర్చున్నాడు. డిస్కును మెత్తని గుడ్డతో నడిమి నుంచి అంచుకు తుడిచాడు. వచ్చినంత కాపీ తీసి, వీడియోలో మేళగాడి డోలు మీద పుల్ల పడే చోటు చూసి, దాని చప్పుడును దెబ్బకు దెబ్బ సరిపెట్టాడు. ఆడించి చూశాం. డోలు సరిగ్గా ఉంది. తమ్ముడి నోరూ మాటా కలిశాయి. పాప ఏడుపూ సరిపోయింది. ఆయన గొంతు ఒక్కటే ఇంకా వెనకనే ఉంది. పాప నవ్వడం అయిపోయి, సూది దిగి, ఏడుపు మొదలయ్యాక “చిట్టీ, నాయన్ని చూడు” అని వచ్చింది.

తమ్ముడి మొహం మారిపోయింది.

“అక్కా, ఇట్ల అయ్యేదానికి లేదు. డోలూ బావ గొంతూ అన్నీ ఒకే మైకులో పడినాయి. జరిపితే అన్నీ కలిసి జరగాల.”

“నువ్వు ఏదో నొక్కింటావు.”

“నేనేం నొక్కలే అక్కా. నువ్వే చూస్తాండావు కదా.”

మళ్ళీ మొదటి నుంచి కాపీ తీశాడు. ఈసారి గొంతు ఇంకా వెనక్కి పోయింది. ఆ తర్వాతి తడవ బొమ్మంతా అయిపోయి తెర నల్లబడింది. శబ్దం ఎక్కడ ఉందో చూపించే గీత చదునుగా పడుకుని ఉంది, అంటే అక్కడ శబ్దమే లేదని. అప్పుడు ఆ నలుపులోంచి ఆయన పిలిచాడు. అవే మాటలు. వెనక డోలు లేదు, జనం గోల లేదు. ఖాళీ ఇంట్లో నిలబడి పిలిచినట్టు ఉంది.

తమ్ముడు చేయి వెనక్కి తీసుకున్నాడు. నాకు భయం వేయలేదు. ఇంకోసారి పెట్టమన్నాను. పెట్టాడు.

రాలేదు.

మొదటి నుంచి ఆడించాం. ఆయన గొంతు ఎక్కడా లేదు. డోలు ఉంది, పాప ఏడుపు ఉంది. “బావా, నోరు మూసుకుని తియ్యి” అని తమ్ముడు అరుస్తాడు. కాసేపు ఎవరూ మాట్లాడరు. తర్వాత అందరూ నవ్వుతారు. పాప ఎవరూ పిలవకుండానే తలెత్తి చూస్తుంది. ముందు తీసిన కాపీల్లోనూ అంతే. డిస్కును ప్లేయరులో వేస్తే, లోపల డిస్కే లేదని చూపిస్తోంది.

ఇప్పుడు పెద్దదై గుమ్మిడిపూండి కంపెనీలో పనిచేసే పాపకు చెప్తే, “పాత డిస్కులు అట్లనే పాడవతాయిమా,” అంది. అయ్యుండొచ్చు. పాడైతే అన్నీ పాడవ్వాలి కదా. ఆయన ఒక్కడినే ఏరి తీసుకుపోయింది ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఒరే తమ్ముడా, ఆయన అన్న మాటలు అన్నట్టే రాసినావా? చదువు, వింటా.