దాతల చీరె

సత్ప్రసాదం యాళ్ల అయ్యిందంటె నా పాణం మీదికొచ్చేది. చర్చిల అందరు లేసి, ఫాదర్ నాలిక మీద పెట్టే ఆ అప్పం కోసం వరుసల నిలబడుతుంటె నేనొక్కదాన్ని చాప మీదనే కూసుండాలె. పక్కపొంటి పోయేటోళ్లందరికి ఎర్కే, ఈమె పెండ్లి చర్చిల కాలేదు, ఈమెకు సత్ప్రసాదం లేదని. మా ఆయన హిందువులాయన, మేస్త్రీ పని జేస్తడు. శ్రీరంగాపూర్ గుడికాడ దండలు మార్చుకున్నం. ఇష్టపడి చేసుకున్న పెండ్లి, దాని గురించి ఇయ్యాల్టికీ నాకు రంది లేదు. రంది అంత మా అమ్మ గురించే.

అమ్మ ఖిల్లా ఘణపూర్ దిక్కున్న మా ఊరి నుంచి ఆదివారం ఆదివారం ఆటోల వనపర్తికొచ్చి, పూజల నా పక్కన్నే కూసునేది. తాను పోయి సత్ప్రసాదం తీసుకొని, మళ్లొచ్చి నా పక్కన్నే మోకరించేది. ఇంటికి పోయే ముందు ఒక్క మాటనే అనేది.

"నేను పొయ్యేలోపల ఒక్కపారి నా ఎనక వరుసల నిలబడు బిడ్డా. ఇంకేం అడగ నిన్ను."

నేను కస్సుమని లేసేదాన్ని. నిలబడొద్దని నాకుందా, అది నా చేతిల ఉందా అని. నాకు కోపం ముక్కు మీదుంటది. అమ్మకు గూడ తక్కువేం లేదు గని, ఆ ముచ్చట్ల మాత్రం ఊకుండేది.

ఒక ఏడు విచారణ పండుగ, అంటె మా చర్చి పండుగ ముంగట, చర్చి పెండ్లి లేనోళ్లందరికి ఒక్కనాడే పెండ్లి జేస్తమని ఫాదర్ పూజల చెప్పిండు. మొగడు మతం మారాల్సిన పని లేదు, బిషప్పుగారి అనుమతి నేనే తెప్పిస్త అన్నడు. పెండ్లికూతుండ్లకు దాతలు చీరెలిస్తున్నరు, ఎవ్వరు పరేషాన్ గావొద్దన్నడు. అమ్మ నా చెయ్యి పట్టుకొని పూజ అయ్యేదాంక ఇడవలే.

మా ఆయనకు చెప్తె పెండ్లికి సరే అన్నడు. దేవుడు ఏడున్నా దేవుడే అనే మనిషి ఆయన. కని చీరె మాట ఇనంగనే మొకం మాడ్చుకున్నడు. నా పెండ్లాం దాతల చీరె కట్టుకొని పదిమందిల నిలబడాల్నా, నా రెక్కలు ఇరిగినయా అన్నడు. ఉన్న చీరెనే కట్టుకుంట అంటె, అందరు కొత్తయి కడితె నువ్వు పాతదాంట్ల నిలబడతవా అన్నడు. వచ్చే పండుగకు గద్వాల చీరె తెస్త, జరీ అంచుది, అప్పుడు దర్జాగ జేసుకుందమన్నడు. నిజం జెప్పాల్నంటె ఆ రోషం నాకూ నచ్చింది. ఒక్క ఏడే గదా అనుకున్నం.

అమ్మకు చెప్పిన. ఏదో అనబోయింది, మళ్ల ఆగింది. పెదవులు గట్టిగ మూసుకొని, అల్లుడు జెప్పినట్లే కానియ్ బిడ్డా అన్నది. పండుగనాడు మిగిలిన జంటల పెండ్లి చూసింది. సత్ప్రసాదానికి ఎప్పటిలెక్కనే ఒక్కతే లేసి పోయింది.

ఆ వానకాలమే అమ్మకు జరమొచ్చింది. ఏం జరమో తెల్వకముందే మనిషి గుంజుకపోయింది. దవాఖానకు ఫాదర్ వచ్చి నొసలుకు నూనె రాసిండు, నాలిక మీద సత్ప్రసాదం పెట్టిండు. నేను మంచం పక్కపొంటి ఉత్తగ నిలబడ్డ. అమ్మ నా దిక్కే చూసింది. ఆ రెండోనాడే పోయింది.

మర్సటేడు పండుగకు మా పెండ్లయ్యింది. మాట ప్రకారం ఆయన గద్వాల చీరె తెచ్చిండు, నేను కట్టుకున్న. సత్ప్రసాదం గూడ తీసుకున్న. పూజ అయినంక చర్చి ఆడోళ్ల సంఘం పెద్దామె దగ్గరికొచ్చి, చీరె అంచు పట్టి చూసి, మంచిగుంది బిడ్డా, కని పోయినేడుదే కట్టుకుంటె మీ అమ్మ చూసి పోతుండె అన్నది. ఎవరో పెద్దోళ్లిచ్చిన చీరె మా ఆయన వద్దన్నడు పెద్దమ్మా అన్న.

పెద్దోళ్లేడున్నరు, అన్నదామె. సంఘం ఆడోళ్లు ఈస్టర్ ముంగట ఉపాసాలుండే తపస్సుకాలంల అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం బీదోళ్లకని తీసిపెడ్తరు. ఆ ఏడు ఆ బియ్యం అమ్మి చీరెలు తెచ్చిన్రంట. తీసుకునే పిల్లలు చిన్నతనపడొద్దని, దాతలని మాత్రమే చెప్పమని ఫాదర్‌ను అడిగిన్రంట. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెల్వొద్దు గదా, అందుకే ఎవ్వరం బయటపెట్టొద్దని సిలువ ముంగట మాట తీసుకున్నరంట.

"మీ అమ్మనే పోయింది, ఇంక నీకు దాచి ఏం జేస్త. ఆమె గూడ మా సంఘమే, నాతోని దుకాణంకొచ్చింది. అన్నీ ఇప్పించి చూసి, పచ్చది పక్కన పెట్టింది. గిది నా బిడ్డకు అన్నది."

ఇంటికి పోయి చెప్తె మా ఆయన తల పట్టుకొని కూసున్నడు. అత్త ఒక్క మాట చెప్తె అయిపోతుండె గదా అన్నడు. చెప్పదు. నేను కాదన్న చీరె తన చీరెనే అని లోపల్లోపల ఎంత ఉడికిందో గని, దేవుని ముంగట ఇచ్చిన మాట ఆమె తప్పదు. ఆమె మీద కోపమొస్తది నాకు, ఆ ఎనకనే ఏడుపొస్తది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వరుసల నిలబడుత. ముంగట నిలబడేటామె ఒక్కోపారి ఒక్కోరు.