సెర్చ్ బాక్సును నమ్మని లింగమూర్తి సేటు

జనగామ ధాన్యం వ్యాపారి, తండాల వృత్తాంతాల సంగ్రాహకుడు లింగమూర్తి సేటు గారు పరమపదించారన్న సందేశం గురువారం ఉదయం నా ఫోనుకు వచ్చింది. నేను నమ్మలేదు. ఎవరు పంపారో తెలియని కబురును నమ్మకూడదని పదేళ్లపాటు నాకు నేర్పింది ఆయనే. దుకాణానికి ఫోను చేస్తే గుమస్తా ఏడుస్తూ ఎత్తాడు. అప్పుడు నమ్మాను.

ధాన్యం తూకానికి వచ్చి వంతు కోసం ఎదురుచూసే తండా రైతులతో ముచ్చటించడం ఆయనకు వ్యసనం. ఏ బావి ఎవరు తవ్వారు, ఏ మెట్టచెలక ఎవరు చదును చేశారు, అన్నీ శ్రద్ధగా రాసుకునేవారు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ నడిపే నేను వాటిని టైపు చేసి ఆయన వెబ్‌సైటులో పెట్టేదాన్ని. దానికి విషయసూచిక ఉండనివ్వలేదు. ఏ వృత్తాంతం కావాలన్నా దుకాణానికి ఫోను చేయాలి. "ఎవల బిడ్డవు? ఎందుకు అడుగుతున్నవ్?" అని విచారించి, గొంతు నచ్చితేనే పేజీ చిరునామా చెప్పేవారు. పిల్లనిచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగరని నేను దెప్పేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు.

ఆయన చిల్పూర్ గుట్టకు దర్శనానికి వెళ్లిన రోజు, చెప్పకుండా ఒక ఉచిత సెర్చ్ బాక్సు తెచ్చి తగిలించాను. తిరిగివచ్చి చూశారు.

"ఎవడిచ్చిండు?"

"ఎవరో కంపెనీవాళ్లు బాపూ. ఉత్తగనే."

"మొకం చూసినవా?"

"ఇందుల మొకాలుండయి."

"ఉత్తగ ఇచ్చేటోడు ఏదో చూసుకుంటనే ఇస్తడు బిడ్డా. ఏం చూస్తున్నడో తెల్సుకో."

నేను తెలుసుకోలేదు. పైగా పెద్దాయన చాదస్తమని నలుగురికీ చెప్పి నవ్వాను. నా ముచ్చట కాదనలేక ఊరుకున్నారు గానీ, రోజూ వచ్చి ఏదో ఒక పేరు కొట్టించి, వచ్చినవి చదివించుకుని, తల పంకిస్తూ వెళ్లేవారు.

బయ్యారం దగ్గరి తండాలో భూలి అవ్వ అనే వృద్ధురాలుంది. కాగితం లేకుండా, భూమి ఇచ్చినాయన నోటిమాట మీదే ముప్పై ఏళ్లుగా చెలక దున్నుకుంటోంది. ఆ సంగతి సేటుకు చెప్పి, తాను బతికున్నన్నాళ్లు ఎవరికీ చూపవద్దని మాట తీసుకుంది. పోకుండా ఉంటుందని నేను ఆ పేజీనీ ఎక్కించాను; ఎక్కడి నుంచీ దానికి దారి, అంటే లింకు, పెట్టలేదు కనుక ఎవరికీ కనబడదనుకున్నాను. సెర్చ్ బాక్సుకు దారితో పని లేదు. అది వెబ్‌సైటంతా తడిమింది. భూమి ఇచ్చినాయన మనుమడు తండా పేరు కొట్టి, ఆ పేజీ అచ్చు తీసి, "కాగితం లేదని నీ నోటితోనే చెప్పినవు గద" అని అవ్వ ముందు పెట్టాడు.

సేటు నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడే నన్ను వెంటబెట్టుకుని బయ్యారం బస్సెక్కారు. ఆమె వాకిట్లో నిలబడి, "తప్పు నాదే అవ్వా. నీ మాట నా తాన ఆగలే" అన్నారు. నేను నోరు తెరవబోతే చేయి అడ్డం పెట్టారు. నోటుపుస్తకంలోని ఆ కాగితాలు చించి ఆమె చేతికిచ్చారు. ఆనాటి నోటిమాట విన్నవాళ్లలో బతికున్న ఇద్దరిని వెతికి పట్టుకుని, పెద్దమనుషుల ముందు సాక్ష్యం చెప్పించారు. తగాదా ఇంకా తెగలేదు గానీ చెలక అవ్వ చేతిలోనే ఉంది. బాక్సునూ పేజీనీ ఆ రోజే తీసేశాను. నా కంప్యూటరులో ఒక ప్రతి మిగిలిందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మహానుభావుడంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "పొగిడేటోనికి ఏదో పనుంటది" అనేవారు. నాకు ఏ పనీ లేదు, అందుకే ధైర్యంగా అంటున్నాను.

పెద్దకర్మ నాడు భూలి అవ్వ ఫోను చేసింది.

"సేటు పోయిండట గద బిడ్డా. నా ముచ్చట ఇంక యాడనన్న ఉన్నదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "నా తాన ఒకటున్నది అవ్వా."

"తీసెయ్" అంది.

ఆయన రాసినవాటిలో ఆ వృత్తాంతానికి మించినది లేదు. ఆమె ఫోనులో ఉండగానే చెరిపేశాను. "చెరిపినవా?" అని మూడుసార్లు అడిగింది. ఆమె మాట బయటపడ్డ నాడు కూడా సేటును అలా అడగలేదు. అంతటి నమ్మకానికి పాత్రుడైన ఆ పుణ్యమూర్తి స్థానంలో నిలబడే అర్హత నాకు లేదు. సాశ్రునయనాలతో నమస్కరిస్తున్నాను.